సిరా చుక్క వెనుక సర్క్యూటు

మన సంఘం కార్యదర్శి గారు ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం అడుగుతూ, "కరువు భత్యం మీద, కమ్యుటేషన్ మీద రాసేవాళ్లు మనకు చాలామందే ఉన్నారు. మీరు మాత్రం మీ యంత్రాల గురించి రాయండి" అని షరతు పెట్టారు. నా యంత్రాలంటే ప్రింటర్లు. సర్వీసులో మొదటి సగం టెలిప్రింటర్ల మధ్య, తక్కిన సగం కంప్యూటరు ప్రింటర్ల మధ్య గడిచింది. అందుచేత మనవల ప్రాజెక్టు పనుల కోసమో, మన సొంత దరఖాస్తుల కోసమో ఇప్పుడు చాలా ఇళ్లలో బల్ల మీద కూర్చుని ఉన్న ఇంక్‌జెట్ ప్రింటరు చరిత్రను ఎంచుకున్నాను.

అయితే ఒక మనవి. ఇంక్‌జెట్ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో సిరా గురించి, వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాల గురించి చెబుతారు. ఆ సిరాను చుక్కగా తోసే విద్యుత్ సర్క్యూటు గురించి ఒక్క వాక్యం కూడా కనిపించదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. రంధ్రంలోంచి సిరా కారడానికి ఏ తెలివీ అక్కర్లేదు. మన పాత ఫౌంటెన్ పెన్ను చొక్కా జేబులో ఆ పని చక్కగా చేసేది. కావలసిన క్షణంలో, కావలసిన చోట, కావలసినంతే పడాలి. కష్టమంతా అక్కడే ఉంది. ఆ ఆజ్ఞ ఇచ్చే సర్క్యూటును మా భాషలో డ్రైవరు అంటారు. ఈ వ్యాసం ఆ డ్రైవరు గారి కథ.

మన తంతి శాఖ మిత్రులు సంతోషించవలసిన విషయం ఏమిటంటే, ఈ కథ తంతితోనే మొదలవుతుంది. సముద్రగర్భ కేబుళ్ల చివరికి చేరే సంకేతం చాలా బలహీనంగా ఉండేది. ఆ కాస్త కరెంటుతో కలం కదిలించి కాగితం మీద గీత గీయించాలంటే, కాగితానికీ కలానికీ మధ్య ఉండే రాపిడికే శక్తి అంతా హరించిపోయేది. తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1867లో సైఫన్ రికార్డరుకు పేటెంటు తీసుకున్నాడు. అయస్కాంతం మధ్య వేలాడే తీగచుట్టకు సన్నటి గాజు గొట్టం తగిలించి, సిరాకు స్థిర విద్యుత్తు ఎక్కించాడు. సిరా గొట్టం కొన నుంచి కాగితం మీదికి తనంతట తానే దూకేది. గొట్టం కాగితాన్ని తాకవలసిన పనే లేదు. బొంబాయికి ఇంగ్లండు కేబులు వచ్చింది 1870లో. ఆ తరం కేబులు ఆఫీసుల్లో సందేశాలు రాసుకున్నది ఈ యంత్రంతోనే. కాగితాన్ని తాకకుండా విద్యుత్తుతో సిరా చల్లడం అన్న ఊహ అక్కడ పుట్టింది.

రెండో మజిలీ ఆసుపత్రిలో. స్వీడన్‌లో రూనే ఎల్మ్‌క్విస్ట్ అనే ఆయన వైద్యం చదివి ఇంజనీరు పనిలో పడ్డాడు. గుండె స్పందనను కాగితం మీద గీయడానికి అప్పటి కలాలు బరువుగా ఉండేవి. గుండె వేగంగా కొట్టుకుంటే కలం వెనకబడేది. ఆయన చిన్న అయస్కాంతానికి సన్నటి గాజు గొట్టం బిగించి, దాన్ని తీగచుట్టలో పెట్టి, అందులోంచి ఒత్తిడితో సిరా ధార వదిలాడు. దీనికి అమెరికా పేటెంటు 1951లో వచ్చింది. మింగోగ్రాఫ్ అనే పేరుతో ఆ యంత్రం ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు ఇ.సి.జి. గీసింది. ఇదే ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన పేస్‌మేకరునే 1958లో స్టాక్‌హోంలో సర్జన్ ఓకే సెన్నింగ్, ఆర్నే లార్సన్ అనే రోగి శరీరంలో అమర్చారు. మనిషి ఒంట్లో పెట్టిన మొట్టమొదటి పేస్‌మేకరు అదే. గుండెకు లెక్క ప్రకారం విద్యుత్ స్పందన ఇచ్చే సర్క్యూటూ, సిరా ధారను లెక్క ప్రకారం ఊపే సర్క్యూటూ ఒకే చేతి నుంచి వచ్చాయన్నమాట. పేస్‌మేకరు పెట్టించుకున్న మన సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకుంటే ప్రింటరు మీద కాస్త బంధుప్రీతి కలగవచ్చు.

ఈ రెండు యంత్రాలూ గీతలు గీసేవే. అక్షరాలు రాయాలంటే ధారను విడివిడి చుక్కలుగా చేసి, ఒక్కో చుక్కకూ విడిగా ఆజ్ఞ ఇవ్వాలి. ఆ పని చేసిన వాడు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్వీట్. కుళాయిని సన్నగా తిప్పి చూడండి. ధార కొంత దూరం నున్నగా వచ్చి, కింద చుక్కలుగా విడిపోతుంది. ఎందుకు విడిపోతుందో లార్డ్ రేలీ 1870ల చివర్లోనే లెక్కగట్టి చెప్పాడు. సిరా గొట్టాన్ని ఒకే వేగంతో సన్నగా కంపింపజేస్తే చుక్కలన్నీ ఒకే పరిమాణంలో, ఒకే ఎడంతో, సెకనుకు లక్ష దాకా కూడా విడిపోతాయి. స్వీట్ 1960ల మొదట్లో ఈ సంగతి పట్టుకుని, చుక్క ధార నుంచి తెగే చోట చిన్న లోహపు ముక్క పెట్టాడు. చుక్క తెగే క్షణాన ఆ లోహం మీద ఎన్ని వోల్టులు ఉంటాయో, దానికి తగిన విద్యుదావేశం చుక్క మీద నిలిచిపోతుంది. ఆ తరువాత చుక్క వేల వోల్టుల తేడా ఉన్న రెండు పలకల మధ్య నుంచి పోతుంది. ఎక్కువ ఆవేశం ఉన్నది ఎక్కువ వంగుతుంది, తక్కువ ఉన్నది తక్కువ. ఆవేశం లేని చుక్క తిన్నగా పోయి కాలువలాంటి గొట్టంలో పడి మళ్లీ సిరా బుడ్డికి చేరుతుంది. స్వీట్ పరిశోధన పత్రం 1965లో అచ్చయింది.

చెప్పడానికి సులువుగానే ఉంది. చేసి చూస్తే తెలుస్తుంది అవస్థ. చుక్క తెగే సమయం, వోల్టేజీ ఇచ్చే సమయం సెకనులో పది లక్షల వంతులో కొన్ని వంతుల తేడాతో సరిపోవాలి. గది వేడెక్కితే సిరా పలచబడుతుంది, చుక్క తెగే చోటు జరుగుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని తెగే క్షణాన్ని కనిపెట్టి తనను తాను సర్దుకునే సర్క్యూటు కావాలి. ఇంకో చిక్కు: ముందు పోతున్న చుక్క మీది ఆవేశం వెనక చుక్కను ప్రభావితం చేస్తుంది. రద్దీ బస్సులో ముందువాడు తూలితే వెనకవాడు తూలినట్టు. కాబట్టి ముందు చుక్కకు ఎంత ఇచ్చామో గుర్తుపెట్టుకుని దాన్నిబట్టి వెనక చుక్క వోల్టేజీని సవరించాలి, లేదా రెండింటి మధ్య ఒక ఖాళీ చుక్కను వదలాలి. ఈ తంటాలన్నీ పడి, 1960ల చివరికి ఎ.బి.డిక్ అనే కంపెనీ వీడియోజెట్ పేరుతో యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. 1976లో ఐ.బి.ఎం. తన 6640 ప్రింటరును తెచ్చింది. ఆఫీసు బల్లల మీద ఈ పద్ధతి నిలవలేదు గాని, కర్మాగారాల్లో ఈనాటికీ అదే రాజ్యమేలుతోంది. నీళ్ల సీసా మెడ మీద, కూల్ డ్రింకు డబ్బా అడుగున చుక్కలు చుక్కలుగా కనిపించే తేదీ చాలావరకు స్వీట్ గారి పద్ధతిలో పడిందే. వాటిని చూడటానికి మనకు కళ్లజోడు, ఒక్కోసారి భూతద్దం కూడా కావలసి రావడం వేరే సంగతి.

ఇంతలో మన దేశపు ఆఫీసుల్లో ఏముండేదో చెప్పాలి. టెలిప్రింటరు తరువాత వచ్చింది డాట్ మాట్రిక్స్. సిరా చిమ్మడం కాదు, తొమ్మిది సూదులు రిబ్బను మీద పొడవడం. కీచుమనే ఆ చప్పుడు మన చెవుల్లో ఇంకా ఉంది. ఒక్కో సూది వెనక ఒక తీగచుట్ట, దాని వెనక ఒక ట్రాన్సిస్టరు. ఆ ట్రాన్సిస్టరే డ్రైవరు. క్షణంలో వెయ్యోవంతు కరెంటు ఇచ్చి వెంటనే ఆపేయాలి. ఆపకపోతే తీగచుట్ట కాలిపోతుంది.

ఇక్కడ ఒక ఉదంతం రాయకుండా ఉండలేను. ఏ ఆఫీసు అన్నది అనవసరం. అక్కడ జీతాల బిల్లులు తీసే ప్రింటరు హెడ్డు కాలిపోయింది. కొత్తది వేశారు, వారం తిరక్కుండా అదీ కాలింది. మూడోది కూడా పోయాక, యంత్రాన్ని నడిపే గుమాస్తా మీద అనుమానం వచ్చింది. నిర్లక్ష్యంగా వాడాడని మెమో ఇచ్చి, హెడ్ల ఖరీదు జీతంలోంచి రికవరీ చేయాలని ఫైలు నడిపారు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, పెళ్లీడుకు వచ్చారు. నన్ను పిలిచింది నాలుగో హెడ్డు బిగించడానికి. బిగించలేదు. ముందు మీటరు పెట్టి తొమ్మిది ట్రాన్సిస్టర్లూ కొలిచాను. ఒకటి షార్టయి ఉంది. యంత్రానికి కరెంటు ఇవ్వగానే ఆ సూది తీగచుట్టకు ఎడతెగకుండా కరెంటు పోతోంది. ఏ హెడ్డు వేసినా కాలక ఏం చేస్తుంది? కొద్ది రూపాయల ట్రాన్సిస్టరు మార్చి, కారణం రాతపూర్వకంగా ఇచ్చాను. రికవరీ ఆగింది. మెమో వెనక్కి తీసుకోవడానికి మాత్రం మరో ఎనిమిది నెలలు పట్టింది. కంటికి కనిపించేది హెడ్డు. జబ్బు ఉన్నది దాని వెనక. ఎవరూ వెనక్కి చూడరు.

మళ్లీ సిరా దగ్గరికి వద్దాం. ధారను ఎడతెగకుండా వదిలి, అక్కర్లేని చుక్కలను ఏరివేయడం దుబారా కదా, కావలసినప్పుడే ఒక్క చుక్క పుట్టించలేమా అన్న ఆలోచన 1970లలో ఊపందుకుంది. దానికి దొరికిన సాధనం పీజో స్ఫటికం. మన వంటింటి గ్యాస్ లైటరులో ఉండేది అలాంటిదే. మీట నొక్కితే స్ఫటికం మీద దెబ్బపడి నిప్పురవ్వ వస్తుంది. దీన్ని తిరగేస్తే, అంటే స్ఫటికానికి వోల్టేజీ ఇస్తే, అది రవ్వంత సాగుతుంది లేదా ముడుచుకుంటుంది. క్యూరీ సోదరులు 1880లో మొదలుపెట్టిన విద్య ఇది. అమెరికాలో జోల్టాన్ పీజో గొట్టంతో సిరాను పిండే పద్ధతికి 1972లో పేటెంటు పొందాడు. స్వీడన్‌లో స్టెమ్మే, అమెరికాలోనే కైజర్, సియర్స్ అనేవారు పలచటి పలకను వంచే పద్ధతులు కనిపెట్టారు. సీమెన్స్ కంపెనీ 1977లో పి.టి.-80 పేరుతో 12 రంధ్రాల యంత్రాన్ని అమ్మింది.

పీజో డ్రైవరు పని చాలా సున్నితమైనది. వోల్టేజీ ఇచ్చి ఊరుకుంటే చుక్క సరిగా రాదు. ముందు గదిని కాస్త సాగదీసి సిరాను వెనక్కి పీల్చాలి. ఆ కుదుపు సిరాలో అలలా పోయి తిరిగి వస్తుంది. సరిగ్గా అది తిరిగి వచ్చే సమయానికి గదిని నొక్కాలి. ఉయ్యాల ఊపేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వెనక్కి వచ్చిన ఉయ్యాలను అదును చూసి తోస్తే వేలితో తోసినా పైకి పోతుంది, అదును తప్పితే చెయ్యి నొప్పి తప్ప ఫలితం లేదు. చుక్క వెళ్లిపోయాక లోపల మిగిలిన ఊపును అణచడానికి ఇంకో చిన్న ఎదురు తోపు. ఇదంతా సెకనులో కొన్ని పదివేల వంతుల లోపల, ఎక్కుతూ నిలుస్తూ దిగే వోల్టేజీ మెట్లుగా సాగుతుంది. పైగా చలికి సిరా చిక్కబడుతుంది కాబట్టి, హెడ్డులో ఉష్ణోగ్రత కొలిచి ఆ మెట్ల ఎత్తు మార్చాలి. పీజో ముక్క విద్యుత్ దృష్టిలో ఒక కెపాసిటరు. దాన్ని నింపినప్పుడూ ఖాళీ చేసినప్పుడూ పుట్టే వేడిలో ఎక్కువ భాగం భరించేది డ్రైవరు ట్రాన్సిస్టర్లే. హెడ్డు చల్లగా ఉంటే డ్రైవరు చెమటలు కక్కుతుంది.

ఇక పత్రికలన్నీ ఇష్టంగా చెప్పే కథ. 1977లో జపాన్‌లో కేనన్ కంపెనీ ఇంజనీరు ఇచిరో ఎండో ప్రయోగశాలలో వేడి సోల్డరింగు ఐరన్ సిరా నింపిన సిరంజి సూదికి తగిలి, సూది కొన నుంచి సిరా చిమ్మింది. కొద్ది కాలానికే అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలో జాన్ వాట్, కాఫీ పర్కొలేటరులో నీళ్లు పొంగే తీరు నుంచి అదే ఆలోచనకు వచ్చాడంటారు. సిరాను సన్నటి రెసిస్టరుతో క్షణంలో వేడి చేస్తే ఆవిరి బుడగ లేచి చుక్కను బయటికి తోస్తుంది. హ్యూలెట్ పాకార్డ్ వారి థింక్‌జెట్ 1984లో 12 రంధ్రాలతో వచ్చింది. కేనన్ వారి బి.జె.-80 మరుసటి ఏడు వచ్చింది. రెండు కంపెనీలూ పోట్లాడుకోకుండా పేటెంట్లు ఇచ్చిపుచ్చుకున్నాయి.

ఇక్కడ డ్రైవరు చేయవలసింది సెకనులో పది లక్షల వంతులు కొన్నింటిలో రెసిస్టరు ఉపరితలాన్ని సుమారు 300 డిగ్రీలకు తీసుకుపోయి ఆపేయడం. కరెంటు తక్కువైతే బుడగ లేవదు. ఎక్కువైతే సిరా మాడి రెసిస్టరు మీద పొరలా అంటుకుంటుంది. దీనికి ఈ రంగంలో వాడే పేరు కోగేషన్. జపాను భాషలో కోగే అంటే మాడు. అన్నం అడుగంటితే మనం గిన్నె గోకుతూ అనే మాటే ప్రపంచమంతటా ప్రింటరు ఇంజనీర్ల పరిభాష అయింది.

అసలు చిక్కు రంధ్రాలు పెరిగిన కొద్దీ వచ్చింది. 12 రంధ్రాలకు 12 తీగలు లాగవచ్చు. 1988లో వచ్చిన డెస్క్‌జెట్‌కు 50 రంధ్రాలు, అంగుళానికి 300 చుక్కలు. ఆ 300 విలువ ఇంగ్లీషు వాళ్లకన్నా మన తెలుగువాళ్లకే ఎక్కువ తెలిసిందని నా అభిప్రాయం. సి-డాక్ వారి జిస్ట్ కార్డు పెట్టి తొమ్మిది సూదుల డాట్ మాట్రిక్స్ మీద తెలుగు తీసిన వాళ్లకు, ఒత్తులూ గుడులూ ముద్దయిపోయిన ఆ అక్షరాలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఇంక్‌జెట్ మీద తలకట్టు తలకట్టులాగే కనిపించింది. అయితే అక్షరం అందంగా రావాలంటే రంధ్రాలు పెరగాలి, రంధ్రాలు పెరిగితే తీగలు పెరగాలి. కదిలే హెడ్డుకు అటూ ఇటూ వంగే పట్టీ కేబులులో ఎన్ని తీగలని పెడతాం?

మొదటి ఉపాయం గళ్లు గీయడం. 64 రంధ్రాలను 8 వరుసలు, 8 నిలువులుగా అమర్చితే 64 తీగల బదులు 16 చాలు. ఏ వరుస, ఏ నిలువు కలిసిన చోట ఆ రంధ్రం పలుకుతుంది. రెండో ఉపాయం ఇంకా గొప్పది. ట్రాన్సిస్టర్లనే హెడ్డు లోని సిలికాను ముక్క మీదికి చేర్చారు. 1993లో వచ్చిన డెస్క్‌జెట్ 1200సి 104 రంధ్రాల హెడ్డులో డ్రైవరు లోపలే ఉంది. అటు తరువాత సమాచారం ఒకే తీగ మీద వరుసగా పంపడం అలవాటైంది. పెళ్లి బంతిలో ఒక చివర నుంచి చీటీలు అందిస్తే చేతులు మారుతూ అందరికీ చేరుతాయి. గంట కొట్టగానే చీటీ ఉన్నవాడే లేచి నిలబడతాడు. ఈ ఏర్పాటుతో ఇప్పుడు వందలూ వేలూ రంధ్రాలు కొద్ది తీగలతో నడుస్తున్నాయి. అన్నీ ఒకేసారి పేలితే కరెంటు చాలదు కనుక జట్లుగా పేలుస్తారు. ఆ ఆలస్యానికి గీత వంకరపోకుండా రంధ్రాలనే రవ్వంత ముందు వెనకలుగా తొలుస్తారు.

పీజో వాళ్లు ఇదే పనిని ఇంకో విధంగా చేశారు. ఎప్సన్ 1993లో స్టైలస్ 800, 1994లో అంగుళానికి 720 చుక్కల స్టైలస్ కలర్ తెచ్చింది. ఆ కంపెనీ యంత్రాల్లో సాధారణంగా వోల్టేజీ మెట్లను తయారుచేసే పెద్ద ట్రాన్సిస్టర్ల జంట ప్రధాన బోర్డు మీద ఉంటుంది. రంధ్రానికొక చిన్న స్విచ్చి హెడ్డులో ఉంటుంది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ప్రింటర్లు బాగుచేసే కుర్రాళ్లను అడగండి, ఆ జంట గురించి కథలు కథలుగా చెబుతారు. కేబులు చివర సిరా తడి తగిలితే షార్టయి ట్రాన్సిస్టర్లు పోతాయి. అవి చూసుకోకుండా కొత్త హెడ్డు వేస్తే అదీ పోయే ప్రమాదం ఉంది. పైన చెప్పిన గుమాస్తా గారి జబ్బే, వేషం మారింది.

మన వీధుల్లో కనిపించే ఫ్లెక్సీలూ ఈ డ్రైవర్ల చలవే. 1990లో కేంబ్రిడ్జిలో మొదలైన జార్ కంపెనీ హెడ్లలో పక్కపక్క గదులకు గోడ ఉమ్మడి. ఒక గది గోడ కదిపితే పొరుగు గదిలోనూ కుదుపు పుడుతుంది. అందుచేత మూడు వంతులుగా, ఒకరి తరువాత ఒకరు పేలేటట్టు సర్క్యూటు ఏర్పాటు చేశారు. ఉమ్మడి గోడ ఇళ్లలో కాపురం చేసిన వాళ్లకు ఈ సర్దుబాటు కొత్తేమీ కాదు. చేత్తో బ్యానర్లు రాసే ఆర్టిస్టుల బతుకుతెరువు ఈ యంత్రంతోనే పోయిందన్నది కూడా రాయకపోతే చరిత్ర సగమే అవుతుంది.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రింటరు చౌక, సిరా ఖరీదు, ఎందుకని? డ్రైవరు సిలికాను కార్ట్రిడ్జి లోపలికి వెళ్లినప్పుడే ఇందుకు దారి పడింది. బుడగ పద్ధతిలో రెసిస్టరు అరిగిపోతుంది కాబట్టి సిరాతోపాటు హెడ్డునీ పారేయడం న్యాయంగానే కనిపించింది. తరువాత సిరా డబ్బాకే గుర్తింపు చిప్పు తగిలించి, వేరే సిరా పోస్తే యంత్రం మొరాయించేటట్టు చేయడం మాత్రం పూర్తిగా వ్యాపారం. లేజరు టోనరుకు సంబంధించిన లెక్స్‌మార్క్ కేసులో 2017 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మేసిన కార్ట్రిడ్జి మీద కంపెనీకి పేటెంటు హక్కు మిగలదని తీర్పు చెప్పింది. పీజో హెడ్డు సిరాను కాచదు కాబట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో మొదలుపెట్టి తరువాత మన దేశంలోనూ అమ్మిన సిరా ట్యాంకు ప్రింటర్లకు ఆధారం అదే. ఇప్పుడు బుడగ పద్ధతి కంపెనీలూ ట్యాంకులు పెడుతున్నాయి.

ఇళ్లలో ఇంక్‌జెట్ ఉన్న సభ్యులకు రెండు మాటలు. పని అయ్యాక గోడ స్విచ్చి కట్టేయకుండా ముందు ప్రింటరు మీది బటను నొక్కి ఆపండి. అప్పుడే సర్క్యూటు హెడ్డును మూత మీదికి తీసుకుపోయి కూర్చోబెడుతుంది, లేకపోతే రంధ్రాలు ఎండిపోతాయి. వారానికి ఒక్క రంగు కాగితమైనా తీస్తూ ఉండండి. హెడ్డు దగ్గరి బంగారు రంగు కాంటాక్టుల మీద సిరా మరక కనిపిస్తే, ప్లగ్గు పీకి, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే మళ్లీ కరెంటు ఇవ్వండి.